తేలికైన ల్యాప్‌టాప్, ఎస్‌ఎస్‌డీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ల్యాప్‌టాప్ కొనబోయేవాళ్ల సందేహాలు దాదాపు ఎప్పుడూ ఇవే: బరువెంత ఉండాలి, ఎస్‌ఎస్‌డీకి (తిరిగే హార్డ్ డిస్క్ బదులు చిప్‌లలో డేటా దాచే డ్రైవ్‌కి) అదనంగా పెట్టే డబ్బు దండగా, పాతదానికే ఎస్‌ఎస్‌డీ వేయిస్తే గడిచిపోతుందా. పదే పదే వచ్చే ఆ ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట చేర్చాం. ఏ జవాబుకి ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## ఎంచుకునే ముందు

ఎన్ని కేజీలుంటే తేలికైన ల్యాప్‌టాప్ అనుకోవాలి?

13, 14 అంగుళాల తెరతో 1.4 కేజీల లోపు ఉంటే తేలికైనదే. కేజీ లోపువీ దొరుకుతాయి గానీ, వాటిలో చాలావరకు బ్యాటరీనో పోర్టులనో తగ్గించే ఆ బరువుకి తెస్తారు. 15.6 అంగుళాలవి సాధారణంగా 1.6 నుంచి 2 కేజీలుంటాయి. గేమింగ్‌వి 2 కేజీలు సులువుగా దాటేస్తాయి.

అందరూ మరచిపోయేది చార్జర్. పాత తరహా చార్జర్ గోడ ప్లగ్గు తీగతో కలిపి 300–400 గ్రాములు తూగుతుంది; గేమింగ్ ల్యాప్‌టాప్‌ది అర కేజీ పైమాటే. అదే 65 వాట్ల గ్యాన్ (గాలియం నైట్రైడ్‌తో చేసే చిన్న రకం) టైప్-సీ చార్జర్ 100–130 గ్రాముల్లో అయిపోతుంది. 1.25 కేజీల ల్యాప్‌టాప్‌కి 350 గ్రాముల చార్జర్ తోడైతే 1.6 కేజీలు. 1.4 కేజీల ల్యాప్‌టాప్‌కి కేబుల్‌తో సహా 150 గ్రాముల చార్జర్ అయితే 1.55. బ్యాగులో మోసేది రెండోదే తేలిక. అందుకే ఎప్పుడూ రెండూ కలిపి లెక్కేయండి.

తేలిగ్గా ఉండేవి తొందరగా పాడైపోవా?

బరువుకీ గట్టిదనానికీ నేరుగా సంబంధం లేదు. ఘన సెంటీమీటరు అల్యూమినియం 2.7 గ్రాములుంటే మెగ్నీషియం 1.74 గ్రాములే. మెగ్నీషియం మిశ్రమంతో చేసిన బాడీని చేత్తో పట్టుకుంటే ప్లాస్టిక్‌లా తోస్తుంది, కొద్దిగా వంగుతుంది కూడా. అంతమాత్రాన నాసిరకం అనుకోకండి.

నిజంగా పాడయ్యేది హింజ్. తెరను మోసే హింజ్ స్క్రూలు ప్లాస్టిక్ గుబ్బల్లో బిగించి ఉంటే రెండు మూడేళ్లు తెరిచి మూసేసరికి ఆ గుబ్బలు పగిలి, మూత తెరిచినప్పుడు ఒక మూల బాడీ విచ్చుకుంటుంది. కొనేముందు తెరను మెల్లగా తెరుస్తూ మూలల దగ్గర బాడీ పైకి లేస్తోందేమో చూడండి. ఒక మూల పట్టుకుని ఎత్తినప్పుడు కిర్రుమనకూడదు. కీబోర్డు మధ్యలో నొక్కితే లోపలికి దిగబడకూడదు.

పలచని ల్యాప్‌టాప్‌లలో మూసినప్పుడు తెరకీ కీబోర్డుకీ మధ్య సందు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఇయర్‌ఫోన్, పెన్ను, చివరికి కెమెరా మీద అంటించిన మందపాటి మూత ఉన్నా తెర పగిలిపోవచ్చు.

14 అంగుళాలు తీసుకోవాలా, 15.6 తీసుకోవాలా?

రోజూ మోసుకెళ్లేవాళ్లకు 14 అంగుళాలు, 16:10 నిష్పత్తి తెర. నిలువు ఎక్కువ కాబట్టి డాక్యుమెంట్లలో పేజీకి మరికొన్ని వరసలు కనిపిస్తాయి. రిజల్యూషన్ 1920 × 1200 చాలు. వెలుతురు కనీసం 300 నిట్‌లు ఉండాలి; కిటికీ పక్కన కూర్చునేవాళ్లు 400 చూసుకోండి. రోజంతా అంకెలు కొట్టే పనైతే విడిగా నంబర్ ప్యాడ్ ఉన్న 15.6 అంగుళాలదే సుఖం.

ఫ్యాన్ లేని మోడల్ తీసుకోవచ్చా?

రాసుకోవడం, బ్రౌజింగ్, వీడియో మీటింగ్‌లు, ఫొటోలు సరిదిద్దుకోవడం మీ పనులైతే హాయిగా తీసుకోవచ్చు. శబ్దం ఉండదు, లోపలికి దుమ్ము చేరదు. గంట వీడియోను ఎక్స్‌పోర్ట్ చేయడం, పెద్ద ప్రోగ్రాములు కంపైల్ చేయడం లాంటివైతే వద్దు. కొద్ది నిమిషాల్లో ప్రాసెసర్ వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది.

8 జీబీ ర్యామ్ ఇప్పటికి తీసుకుని తర్వాత పెంచుకోవచ్చు కదా?

తేలికైన మోడళ్లలో చాలావాటికి అది కుదరదు. స్థలం, విద్యుత్తు కలిసొస్తాయని ఎల్‌పీడీడీఆర్ అనే తక్కువ విద్యుత్తు ర్యామ్‌ను మదర్‌బోర్డుకే సోల్డర్ చేస్తారు. కొన్నరోజు ఎంత ఉంటే ఎప్పటికీ అంతే. అందుకే మొదటే 16 జీబీ తీసుకోండి.

"ఎస్‌ఎస్‌డీ ఉంది కదా, ర్యామ్ తక్కువైనా నడుస్తుంది" అనే మాట సగమే నిజం. ర్యామ్ నిండితే విండోస్ కొంత డేటాను ఎస్‌ఎస్‌డీ మీదకు నెడుతుంది. హార్డ్ డిస్క్ మీద అయితే మిషన్ బిగుసుకుపోయేది, ఎస్‌ఎస్‌డీ మీద కాస్త నడుస్తుంది. కానీ ర్యామ్ స్పందన సుమారు 100 నానో సెకన్లయితే ఎస్‌ఎస్‌డీది పదుల మైక్రో సెకన్లు, అంటే వందల రెట్లు నెమ్మది. ఆ లోటును ఏ ఎస్‌ఎస్‌డీ పూడ్చలేదు.

"18 గంటల బ్యాటరీ" అని రాస్తారు, నిజంగా వస్తుందా?

ఆ అంకె సాధారణంగా వెలుతురు తగ్గించి వీడియో ఆడించి కొలిచింది. మీరు వాట్ అవర్లు చూడండి. బ్రౌజింగ్, డాక్యుమెంట్ల పనికి తేలికైన ల్యాప్‌టాప్ సగటున 6–8 వాట్లు తింటుంది. 54 వాట్ అవర్ల బ్యాటరీని 7తో భాగిస్తే ఏడున్నర గంటల పైచిలుకు. వీడియో మీటింగ్‌లో వాడకం 12–15 వాట్లకు పోతుంది కాబట్టి నాలుగు గంటలే. తేలికైన మోడల్‌కి 50 వాట్ అవర్ల లోపు బ్యాటరీ ఉంటే, ఆ తేలికదనం ఎక్కడ నుంచి వచ్చిందో తెలిసిపోయినట్టే.

## స్టోరేజ్ సంగతి

ఎస్‌ఎస్‌డీకి అదనంగా పెట్టే డబ్బుకి నిజంగా ఫలితం ఉంటుందా?

ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో రోజూ చేతికి తెలిసేంత తేడా తెచ్చే భాగం ఇంకొకటి లేదు.

కారణం హార్డ్ డిస్క్ పనితీరులోనే ఉంది. గ్రామఫోన్ రికార్డు మీద ముల్లులా, తిరిగే పళ్లెం మీద ఒక హెడ్ అటూ ఇటూ కదులుతూ డేటా వెతుకుతుంది. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కులు ఎక్కువగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి. ఒక చుట్టుకి 11 మిల్లీ సెకన్లు. కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే ఐదున్నర మిల్లీ సెకన్లు. హెడ్ సరైన వరసకి చేరడానికి ఇంకో 10–12. అంటే ఒక చిన్న ఫైలు ముక్కకి 15 మిల్లీ సెకన్ల పైనే, సెకనుకి అరవై డెబ్బై ముక్కలు. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. అదే ముక్క 0.1 మిల్లీ సెకన్లో వస్తుంది; సెకనుకి వేలల్లో, పదివేలల్లో చదువుతుంది.

విండోస్ లేవడం, బ్రౌజర్ తెరుచుకోవడం, అప్‌డేట్ ఎక్కడం, యాంటీవైరస్ వెతకడం ఇవన్నీ వేల చిన్న ఫైళ్లను చదివే పనులే. అందుకే నిమిషం, రెండు నిమిషాలు పట్టే బూట్ 10–20 సెకన్లకు దిగుతుంది.

తేలిక కావాలనుకునేవాళ్లకు ఇంకో లాభం: 2.5 అంగుళాల హార్డ్ డిస్క్ సుమారు 100 గ్రాములు, 7 మిల్లీమీటర్ల మందం, ఎం.2 ఎస్‌ఎస్‌డీ 10 గ్రాముల లోపు. నడుస్తుండగా ఒడిలోంచి జారినా హెడ్ పళ్లేన్ని గీకే ప్రమాదం లేదు. 2008లో వచ్చిన తొలి మ్యాక్‌బుక్ ఎయిర్ మామూలు కూర్పులో నిమిషానికి 4200 సార్లు తిరిగే 80 జీబీ హార్డ్ డిస్క్ ఉండేది, 64 జీబీ ఎస్‌ఎస్‌డీ అదనపు ఎంపిక. 2010 మోడల్‌లో హార్డ్ డిస్కే లేదు. పలచని ల్యాప్‌టాప్‌లన్నీ ఆ దారినే నడిచాయి.

ఎస్‌ఎస్‌డీ పెడితే అన్ని పనులూ వేగంగా అవుతాయా?

డిస్క్ కోసం ఎదురుచూసే పనులు మాత్రమే. ఇంటర్నెట్ వేగం మారదు. వీడియో ఎక్స్‌పోర్ట్ ప్రాసెసర్ మీద ఆధారపడుతుంది. ఆటల్లో లోడింగ్ సమయం తగ్గుతుంది, ఫ్రేమ్ రేటు పెరగదు.

సాటా, ఎన్‌వీఎంఈ, ఎం.2 మూడూ ఒకటేనా?

ఎం.2 అనేది ఆకారం: 22 మిల్లీమీటర్ల వెడల్పున్న సన్నని ముక్క. 2280 అంటే వెడల్పు 22, పొడవు 80 మిల్లీమీటర్లు. 2242, 2230 పొట్టివి. సాటా, ఎన్‌వీఎంఈ అనేవి ఆ ముక్క మదర్‌బోర్డుతో మాట్లాడే పద్ధతులు. సాటా గరిష్ఠంగా సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగుతుంది. ఎన్‌వీఎంఈ పీసీఐఈ (మదర్‌బోర్డులో డేటా వెళ్లే దారి) మూడో తరంలో 3500, నాలుగో తరంలో 7000 ఎంబీ వరకు పోతుంది.

చిక్కెక్కడంటే, సాటా ముక్క కూడా ఎం.2 ఆకారంలో వస్తుంది. బంగారు కాళ్ల వరసలో రెండు గాట్లుంటే ఎక్కువగా సాటా, ఒకే గాటుంటే ఎక్కువగా ఎన్‌వీఎంఈ. గాటు సరిపోయినా స్లాట్ ఆ పద్ధతిని ఒప్పుకోకపోతే డ్రైవ్ కనిపించదు. మాన్యువల్‌లో చూశాకే కొనండి.

7000 ఎంబీ వేగం ఉన్నది తీసుకుంటే 3500 దానికి రెట్టింపు వేగమా?

పెద్ద ఫైలును ఒక వేగమైన డ్రైవ్ నుంచి ఇంకో వేగమైన డ్రైవ్‌కి కాపీ చేసేటప్పుడు మాత్రమే. బూట్ అవడం, యాప్‌లు తెరుచుకోవడంలో తేడా వేలితో కొలిచేంత కూడా ఉండదు, ఎందుకంటే అక్కడ పని చిన్న ముక్కలు చదవడమే. పెట్టె మీద రాసేది పెద్ద ఫైలు వేగం. పైగా బాగా వేగవంతమైన డ్రైవ్‌లు పలచని బాడీలో వేడెక్కుతాయి, బ్యాటరీ కూడా ఎక్కువ తింటాయి. ఆ డబ్బుని ర్యామ్‌కో డ్రైవ్ పరిమాణానికో పెట్టండి.

"64 జీబీ ఈఎంఎంసీ" అని ఉంది. అది కూడా ఎస్‌ఎస్‌డీయేనా?

చిప్ రకం ఒకటే అయినా పనితనం ఒకటి కాదు. ఈఎంఎంసీకి సెకనుకి 400 ఎంబీ గరిష్ఠ పరిమితి, వాస్తవంలో అంతకంటే తక్కువ. చిన్న ముక్కలు చదవడంలో ఇంకా వెనకబడుతుంది. బోర్డుకే సోల్డర్ అయి ఉంటుంది, మార్చలేరు. విండోస్ 11 కనీస అవసరమే 64 జీబీ. కొన్నాళ్లకు పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు చోటు చాలక ఆగిపోతుంది. ఎంత తేలికైనదైనా విండోస్‌కి దీన్ని తీసుకోవద్దు.

256 జీబీ చాలా, 512 కావాలా?

512 తీసుకోండి. విండోస్, దాని అప్‌డేట్లు, నాలుగైదు ప్రోగ్రాములు కలిస్తే 256లో సుమారు మూడో వంతు పోతుంది. 512 జీబీ డ్రైవ్ విండోస్‌లో 476గా కనిపిస్తే మోసం అనుకోకండి: తయారీదారు వెయ్యి చొప్పున లెక్కేస్తాడు, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది. వీడియోలతో పనిచేసేవాళ్లకు 1 టీబీ. ఎక్కువ పరిమాణం డ్రైవ్‌లో చిప్‌లు ఎక్కువ ఉంటాయి కాబట్టి రాసే వేగమూ సాధారణంగా మెరుగ్గా ఉంటుంది.

టీఎల్‌సీ మంచిదా, క్యూఎల్‌సీ మంచిదా?

టీఎల్‌సీ. అందులో డేటా దాచే ఒక్కో సెల్‌లో 3 బిట్లు, క్యూఎల్‌సీలో 4. బిట్లు పెరిగేకొద్దీ రాయడం నెమ్మదిస్తుంది, సెల్ ఆయుష్షు తగ్గుతుంది. క్యూఎల్‌సీ డ్రైవ్ కూడా మొదట్లో వేగంగానే రాస్తుంది, ఎందుకంటే కొంత భాగాన్ని వేగమైన క్యాష్‌గా (తాత్కాలికంగా రాసుకునే చోటుగా) వాడుకుంటుంది. అది నిండాక, ముఖ్యంగా డ్రైవ్ సగానికి పైగా నిండి ఉన్నప్పుడు 100 జీబీ కాపీ పెడితే, వేగం హార్డ్ డిస్క్ స్థాయికి పడిపోవచ్చు. డాక్యుమెంట్లు, సినిమాలు చూసుకునేవాళ్లకు మాత్రం క్యూఎల్‌సీ సరిపోతుంది.

రాసీ రాసీ ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందంటారు. ఎన్నేళ్లు వస్తుంది?

అరిగే మాట నిజమే, కానీ మామూలు వాడకంలో ఆ గీత దరిదాపులకు కూడా చేరరు. 500 జీబీ టీఎల్‌సీ డ్రైవ్‌కి సాధారణంగా 300 టీబీడబ్ల్యూ ఇస్తారు, అంటే వారంటీ వర్తించే రాతల పరిమితి 300 టీబీ. రోజుకి 20 జీబీ రాసినా 15,000 రోజులు, నలభై ఏళ్ల పైమాట. ఎస్‌ఎస్‌డీలు పోయేది ఎక్కువగా డ్రైవ్‌ని నడిపే కంట్రోలర్ చిప్ దెబ్బతినో, ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపలి సాఫ్ట్‌వేర్) లోపంతోనో. హార్డ్ డిస్క్ పోయేముందు టకటక శబ్దాలతో హెచ్చరించొచ్చు. ఎస్‌ఎస్‌డీ ఒక ఉదయం ఉన్నట్టుండి కనిపించకుండా పోవచ్చు. ముఖ్యమైన ఫైళ్లు ఇంకోచోట కూడా ఉండి తీరాలి.

## కొనేటప్పుడు

ఒకే మోడల్ పేరుతో చాలా ధరలున్నాయి. ఏం తనిఖీ చేయాలి?

మోడల్ పేరు చూసి మోసపోకండి, పూర్తి పార్ట్ నంబరు చూడండి. ఒకే పేరు కింద తెర, ర్యామ్, బ్యాటరీ, ఎస్‌ఎస్‌డీ వేరువేరుగా వస్తాయి. ముఖ్యంగా అడగాల్సినవి: ర్యామ్ సోల్డరా, స్లాటా, ఎం.2 స్లాట్ ఎంత పొడవుది, రెండో స్లాట్ ఉందా. టైప్-సీ ద్వారా చార్జ్ అవుతుందా. బ్యాటరీ ఎన్ని వాట్ అవర్లు. టైప్-సీ పోర్టు ఉన్నంత మాత్రాన చార్జ్ అవుతుందని అనుకోవద్దు. కొన్నింట్లో అది డేటాకి మాత్రమే.

వాడిన ల్యాప్‌టాప్ కొంటున్నాను, డ్రైవ్, బ్యాటరీ ఎలా ఉన్నాయో ఎలా తెలుస్తుంది?

డ్రైవ్‌కి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాము నడపండి. ఆరోగ్యం శాతం, ఇప్పటిదాకా రాసిన డేటా, నడిచిన గంటలు చూపిస్తుంది. బ్యాటరీకి విండోస్ కమాండ్ ప్రాంప్ట్ నుంచి బ్యాటరీ రిపోర్ట్ తీయండి. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ పక్కపక్కనే ఉంటాయి. రెండోది మొదటిదాంట్లో 70 శాతం లోపు ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు కూడా బేరంలో కలుపుకోండి. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి ఆ మిషన్ విండోస్ 11కి పనికొస్తుందో లేదో కూడా చూడాలి.

## పాత ల్యాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ

కొత్తది కొనకుండా పాతదానికే ఎస్‌ఎస్‌డీ వేయిస్తే సరిపోదా?

ఇప్పుడు హార్డ్ డిస్క్ ఉండి, ర్యామ్ 8 జీబీ ఉంటే చాలామందికి సరిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరవండి. పని నెమ్మదించినప్పుడు డిస్క్ 100 శాతం దగ్గర ఉండి ప్రాసెసర్ ఖాళీగా ఉంటే రోగం డిస్క్‌దే, ఎస్‌ఎస్‌డీతో కుదురుతుంది. ప్రాసెసరే 100 శాతంలో ఉంటే కుదరదు. బరువు మాత్రం తగ్గదు. భుజం నొప్పే మీ అసలు సమస్య అయితే కొత్తదే చూసుకోవాలి.

విండోస్ మళ్లీ వేయకుండా పాత డిస్క్‌ని ఎస్‌ఎస్‌డీలోకి ఎలా మార్చాలి?

1. ముఖ్యమైన ఫైళ్లను ముందు విడిగా బయటి డ్రైవ్‌లోకి కాపీ చేయండి.
2. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే ఆపండి; 48 అంకెల రికవరీ కీ రాసి పెట్టుకోండి.
3. పాత డిస్క్‌లో వాడిన డేటా కొత్త డ్రైవ్ పరిమాణంలో 80 శాతం మించకుండా సర్దండి.
4. ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (డ్రైవ్‌ని బయట నుంచి కలిపే డబ్బాలో) పెట్టి కలపండి. 2.5 అంగుళాల సాటాకి, ఎన్‌వీఎంఈకి వేరువేరు ఎన్‌క్లోజర్లు.
5. క్లోనింగ్ సాఫ్ట్‌వేర్‌లో (డిస్క్‌ని ఉన్నదున్నట్టు నకలు తీసేది) మొత్తం డిస్క్‌ని ఎంచుకోండి. సీ డ్రైవ్ ఒక్కటే ఎంచుకుంటే విండోస్ లేవడానికి కావలసిన బూట్ పార్టిషన్ రాదు. ఏది మూలం, ఏది గమ్యం అనేది రెండుసార్లు చూసుకోండి. తారుమారైతే డేటా పోతుంది.
6. ల్యాప్‌టాప్ ఆపి, చార్జర్ తీసి, వెనక మూత తెరిచాక మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి.
7. డిస్క్ మార్చండి. ఎం.2 ముక్కని కొంచెం వాలుగా స్లాట్‌లోకి దూర్చి, కిందికి నొక్కి స్క్రూ బిగించాలి. ఆ చిన్న స్క్రూ చాలా డ్రైవ్‌లతో పాటు రాదు, ముందే చూసుకోండి.
8. మొదటిసారి పాత డిస్క్ కలపకుండా కొత్తదానితోనే బూట్ చేయండి. రెండింటికీ ఒకే గుర్తింపు ఉంటుంది కాబట్టి కలిపి ఉంచితే విండోస్ తికమకపడి ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టేస్తుంది.

ఎస్‌ఎస్‌డీ బిగించాను, కానీ విండోస్ ఇన్‌స్టాలర్‌లో డ్రైవ్ కనిపించట్లేదు. పాడైందా?

ముందు బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) చూడండి. అక్కడ కనిపిస్తుంటే డ్రైవ్ బాగానే ఉంది. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే ఇంటెల్ స్టోరేజ్ సెట్టింగు ఆన్‌లో ఉంటే ఇన్‌స్టాలర్‌కి డ్రైవర్ కావాలి. తయారీదారు సైట్ నుంచి ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని "లోడ్ డ్రైవర్" నొక్కి చూపించండి. బయోస్‌లో కూడా లేకపోతే ముక్క పూర్తిగా దూరలేదేమో తీసి మళ్లీ పెట్టండి. అప్పటికీ లేకపోతే సాటా స్లాట్‌లో ఎన్‌వీఎంఈ పెట్టి ఉండొచ్చు.

## వాడకంలో

ఎస్‌ఎస్‌డీకి డీఫ్రాగ్ చేయాలా?

వద్దు. డీఫ్రాగ్ అంటే చెల్లాచెదురైన ఫైలు ముక్కలను ఒకచోటికి చేర్చడం. ఎస్‌ఎస్‌డీ ఎక్కడ ఉన్న ముక్కనైనా ఒకే వేగంతో చదువుతుంది కాబట్టి లాభం లేదు, అనవసరపు రాతలే పెరుగుతాయి. విండోస్ "ఆప్టిమైజ్ డ్రైవ్స్" ఎస్‌ఎస్‌డీని గుర్తుపట్టి దానికి ట్రిమ్ (ఏ చోట్లు ఖాళీ అయ్యాయో డ్రైవ్‌కి చెప్పే ఆదేశం) నడుపుతుంది. ఆ షెడ్యూల్‌ని ఆపకండి.

పొరపాటున డిలీట్ చేసిన ఫైళ్లు ఎస్‌ఎస్‌డీ నుంచి తిరిగి వస్తాయా?

చాలావరకు రావు. హార్డ్ డిస్క్‌లో డిలీట్ చేసినా, పైన వేరేది రాసేదాకా పాత డేటా ఉంటుంది. ఎస్‌ఎస్‌డీలో ఫైలు రీసైకిల్ బిన్ నుంచి కూడా పోగానే విండోస్ ట్రిమ్ ద్వారా ఆ చోటు ఖాళీ అని చెబుతుంది. డ్రైవ్ తన తీరికలో దాన్ని చెరిపేస్తుంది. తెలిసిన క్షణమే మిషన్ ఆపేస్తే కొద్దిపాటి అవకాశం ఉంటుంది, అంతే.

డ్రైవ్ నిండేకొద్దీ నెమ్మదిస్తోంది. ఎంత ఖాళీ ఉంచాలి?

15–20 శాతం. ఎస్‌ఎస్‌డీ పాత డేటా మీద నేరుగా రాయలేదు. పెద్ద బ్లాకుని చెరిపి, అప్పుడు రాయాలి. ఖాళీ చోటు లేకపోతే ప్రతి రాతకీ ఉన్న డేటాను అటూ ఇటూ జరుపుకోవాల్సి వస్తుంది.

ల్యాప్‌టాప్‌ని ఏడాది పాటు వాడకుండా బీరువాలో పెడితే డేటా పోతుందా?

పెద్దగా అరగని డ్రైవ్‌లో అంత తొందరగా పోదు. ఎస్‌ఎస్‌డీ సెల్‌లలో డేటా విద్యుదావేశంగా ఉంటుంది, అది మెల్లగా జారుతుంది. వేడిలో ఇంకా తొందరగా. చిప్‌లకు ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ ప్రమాణం ప్రకారం, చెప్పిన రాతల పరిమితి మొత్తం వాడేసిన డ్రైవ్ కూడా 30 డిగ్రీల దగ్గర కరెంటు లేకుండా ఒక ఏడాది డేటా నిలపాలి. అయినా నాలుగైదు నెలలకోసారి ఆన్ చేసి గంటసేపు ఉంచండి. బ్యాటరీని కూడా 50–60 శాతం చార్జ్‌లో దాచండి. పూర్తిగా ఖాళీ చేసి దాస్తే మళ్లీ చార్జ్ తీసుకోకపోవచ్చు. ఏళ్ల తరబడి ఉంచాల్సిన ఫొటోలు, పత్రాలకు బయటి హార్డ్ డిస్క్ ఇప్పటికీ మంచి చోటే.